ఉప్పు లేని చేప వాసన

నేను ఎండుచేపలు అమ్ముతాను. మా ఇల్లు రేపల్లెలో. అడవులదీవి వైపు నుంచి సరుకు తెచ్చుకుని, మార్కెట్లో గోనె పరుచుకుని కూర్చుంటాను. చదువు ఐదో తరగతి దాకా. ఇంతకు ముందు నేను రాసిందల్లా చర్చిలో ఇచ్చే ప్రార్థన మనవుల చీటీలే. ఇది రాయమన్నది మా అమ్మాయి. "నాకు ఎలా చెప్తావో అలా రాయమ్మా, అందరికీ అర్థమవుద్ది" అంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎక్కడన్నా తప్పు పోతే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

మా అత్తగారిది బాపట్ల. పెళ్ళయిన కొత్తలో అక్కడి మార్కెట్లో ఆమె పక్కన కూర్చునేదాన్ని. తరాజు పట్టుకోవడం కంటే ముందు ఆమె నాకు వాసన నేర్పింది. నా కళ్ళకి తన కొంగు అడ్డం కప్పి, ముక్కు దగ్గర పిడికిలి పెట్టేది.

"ఏంటో చెప్పు."

"నెత్తళ్ళు."

"అది మా ఇంట్లో పిల్లి కూడా చెప్పుద్ది. వాన తగిలిందా లేదా, అది చెప్పు."

చెప్పలేకపోతే, "నీ ముక్కు ముక్కుపుడక పెట్టుకోడానికేనా?" అని దెప్పేది. నాకు ఏడుపొచ్చేది. అయినా ఆ ఏడాది తిరిగేసరికి తడిసి మళ్ళీ ఎండిన నెత్తళ్ళని, ఉప్పు సరిగ్గా పట్టని సావిడాయ చేపల్ని, కొత్తదాంట్లో కలిపేసిన పాత రొయ్యపొట్టుని కళ్ళు మూసుకుని పట్టేసేదాన్ని. ఆమె చెప్పిన మాట ఒకటుంది. ఎండుచేప అన్నాక ముందు ముక్కుకి ఉప్పు తగలాలి, ఆ తర్వాతే చేప తగలాలి. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మార్కెట్లో పక్కన కూర్చునేవాళ్ళు కూడా సరుకు కొనేముందు ఒక గుప్పెడు తెచ్చి నా ముక్కు దగ్గర పెడతారు. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మా అమ్మాయికి తెనాలిలో కాన్పయింది. పెద్దాపరేషన్ చేశారు, ఆడపిల్ల పుట్టింది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి, ఆ తర్వాత బాలింత అక్కడే ఉండాలి. కానీ కుట్లు పచ్చిగా ఉన్నాయి, కుదుపులు తగలకూడదని డాక్టరమ్మ చెప్పింది. అందుకని పిల్ల నా దగ్గరికి రావడం మానేసి నేనే పిల్ల దగ్గరికి వెళ్ళాను. గోనెలు మడిచి ఇంట్లో పెట్టి, నలభై రోజులకి బట్టలు సర్దుకున్నాను. బయలుదేరే ముందు అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, ఏమనుకోమాక. ఎండుచేపలు మాత్రం తేమాక."

"పిల్లతల్లివి, నాలుగు నెత్తళ్ళు వేయించి పెడదామనుకున్నానే."

"వద్దమ్మా. పైన ఉండే ఓనరు గారికి ఆ వాసన పడదు. ఇల్లు ఇచ్చేటప్పుడే చెప్పారు."

సరే అన్నాను. సంచి ఉతికాను. చీరలు రెండు నీళ్ళల్లో జాడించి ఎండేశాను. కొంగు వాసన చూసుకుని రైలెక్కాను.

అమ్మాయి వాళ్ళది కింది వాటా, ఒక గది, ఒక వంటగది. అల్లుడు బట్టల షాపులో పని చేస్తాడు. పొద్దున వెళితే మళ్ళీ సాయంత్రమే. మేడ మీద ఓనరు గారు ఉంటుంది. ఆమె రిటైరైన టీచరు. మనిషి మంచిదే. ఆస్పత్రి నుంచి పాపని తెచ్చిన రోజు దిగొచ్చి చూసి, పాపకి గౌను పెట్టింది. కాకపోతే గేటు గడియ వేసినా, నీళ్ళ మోటారు ఆపినా తను అనుకున్నట్టే జరగాలి.

బాలింతకీ బిడ్డకీ వేడినీళ్ళు కావాలి కదా. రోజూ పొద్దున్నే రెండు బకెట్లు కాచేదాన్ని. ఒకటి పాపకి, ఒకటి అమ్మాయి ఒళ్ళు తుడవడానికి, బట్టలకి. గ్యాస్ మీద కాస్తే బండ తొందరగా అయిపోతుందని అల్లుడు బకెట్లో వేసే హీటర్ రాడ్డు కొని పెట్టాడు. బాత్రూంలో ప్లగ్గు లేదు. గదిలో మంచం పక్కనున్న బోర్డులోనే పెట్టాలి. ఆ బోర్డులో ఉన్నది సెల్ ఫోనూ టేబుల్ ఫ్యానూ పెట్టుకునే చిన్న ప్లగ్గు. రాడ్డు ప్లగ్గుకున్న ఇత్తడి పుల్లలేమో లావు. మధ్యలో ఇంకో ప్లగ్గు తగిలించి, లావుదాన్ని సన్నదాంట్లోకి దూర్చేవాళ్ళం. అది బరువుకి కిందికి వేలాడి ఊగుతూ ఉండేది. కాస్త కదిలితే రాడ్డు ఆగిపోయేది.

రేపల్లెలో మా ఇంట్లో అయితే ఇలాంటి వాటికి అగ్గిపుల్ల పెడతాం. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా టీవీ ప్లగ్గులో ఒక పుల్ల, మిక్సీ ప్లగ్గులో ఒక పుల్ల ఉంటాయి. వదులైన చోట పుల్లని చీల్చి దోపితే బిగుస్తుంది. మా ఆయనా అంతే, మా అత్తగారూ అంతే. నేను కూడా స్విచ్చి ఆపి, ఒక పుల్లని రెండుగా చీల్చి ఆ సందుల్లో దోపాను. రాడ్డు ఊగడం మానేసింది. అమ్మాయితో, "చూశావా, మీ ఆయన నాలుగు రోజుల నుంచి చెయ్యలేని పని నేను ఒక్క పుల్లతో చేశా" అని గొప్పగా అన్నాను.

నేను వెళ్ళిన వారానికి టీచరు గారు గుమ్మంలోకి వచ్చింది.

"ఏమ్మా, ఎండుచేపలు ఏమన్నా తెచ్చారా?"

"లేదండి. అమ్మాయి వద్దందని ఒక్కటి కూడా తేలేదండి."

"మరి పొద్దున్నే ఈ వాసనేంటి? కిటికీలోంచి పైకి కొడుతోంది."

నాకు కూడా ఏదో తగిలినట్టే ఉంది కానీ, చేపల్లో బతికేదాన్ని, నా ఒంటిదేమో అనుకున్నాను. సంచి తెచ్చి ఆమె ముందు కుమ్మరించాను. చీరలు, లంగాలు, బైబిలు, తలనొప్పి మందు, అంతే ఉన్నాయి. ఆమె చూసి, "చేతుల్లోనే పట్టేసి ఉంటుందిలే అమ్మా, ఏళ్ళ తరబడి చేసిన పని కదా" అంది. తిట్టలేదు. నెమ్మదిగానే అంది. అదే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది. ఆ రోజు నిమ్మకాయ పెట్టి చేతులు ఎర్రబడేదాకా రుద్దుకున్నాను.

మర్నాడు పొద్దున మళ్ళీ అదే వాసన. ఆ మర్నాడు ఇంకా ఎక్కువ. మూడో రోజు సాయంత్రం టీచరు గారు అల్లుడు షాపు నుంచి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండి మెట్ల మీద నుంచే చెప్పింది.

"బాబూ, ముందే చెప్పాను నీకు. నాకు ఉబ్బసం ఉంది. ఆ వాసనకి ఊపిరాడట్లేదు. ఈ నెలాఖరుకి వేరే ఇల్లు చూసుకోండి."

"మా అత్తయ్య ఏం తేలేదండి" అన్నాడు అల్లుడు.

"తేకపోతే వాసన ఎక్కడి నుంచి వస్తుంది, నువ్వే చెప్పు."

లోపల మంచం మీద అమ్మాయి పాపని పక్కలోకి తీసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. నెలాఖరంటే పదకొండు రోజులుంది. కుట్లు మానని పిల్ల, కళ్ళు సరిగ్గా తెరవని పసిగుడ్డు సామాను వెంట ఎక్కడికి పోతారు? అల్లుడు రెండు చోట్ల అడిగి వచ్చాడు. ఒకచోట పై అంతస్తన్నారు, ఇంకోచోట పసిపిల్లల ఏడుపు పడదన్నారు.

అప్పుడు అమ్మాయి నెమ్మదిగా అంది, "అమ్మా, నువ్వో నాలుగు రోజులు రేపల్లె వెళ్ళిరా. వాసన తగ్గితే టీచరు గారు మెత్తబడతారేమో."

"పాపకి నీళ్ళెవరు పోస్తారే?"

"ఆయన షాపుకి లేటుగా వెళ్తారులే."

నా వల్ల పిల్లకి ఇల్లు పోతుందంటే నేను వెళ్ళడమే మేలు కదా. మర్నాడు పదింటి రైలుకి వెళతానని చెప్పాను.

మర్నాడు పొద్దున అల్లుడు పాల ప్యాకెట్ల కోసం బయటికి వెళ్ళాడు. వెళ్ళే ముందు చివరిసారి పాపకి నీళ్ళు పోసి వెళదామని బకెట్లో రాడ్డు వేసి, స్విచ్చి వేసి, మంచం అంచున కూర్చున్నాను. మంచం పక్కనే పాప చీర ఉయ్యాల్లో పడుకుని ఉంది. కాసేపటికి వాసన మొదలైంది.

ఎలాగూ వెళ్ళిపోతున్నాను, నా మీద పడ్డ ఈ వాసన ఏంటో చూద్దామని కళ్ళు మూసుకున్నాను. బాపట్ల మార్కెట్లో కూర్చున్నట్టే కూర్చున్నాను. నెత్తళ్ళు కాదు. సావిడాయలు కాదు. రొయ్యపొట్టు అసలే కాదు. పచ్చి చేప కుళ్ళినా ఇలా ఉండదు, అందులో తియ్యటి కంపు ఒకటి ఉంటుంది. ఇది చేపలాగే ఉంది, కానీ ఇందులో ఉప్పు లేదు. సముద్రం నుంచి వచ్చిన ఏ సరుకూ ఉప్పు లేకుండా నా ముక్కు దగ్గరికి రాలేదు. ఉప్పు లేకపోతే అది చేపే కాదు.

ఇంకో సంగతి అప్పుడే తట్టింది. చేప వాసనైతే పొద్దుటా సాయంత్రం ఇంట్లోనే ఉండాలి. ఇది రోజూ పొద్దున నేను నీళ్ళు పెట్టాకే వస్తోంది, నీళ్ళు దించిన గంటకి పోతోంది.

లేచి ఫ్యాను ఆపాను. గాలి కదులుతుంటే వాసన ఎటు నుంచి వచ్చేదీ తెలియదు. గోడ వెంట ముక్కు పెట్టి నడిచాను. కిటికీ దగ్గర తక్కువ, మంచం తలాపున ఎక్కువ, బోర్డు దగ్గర ముక్కు మండిపోయింది. తెల్లగా ఉండాల్సిన ప్లగ్గు గోధుమరంగుకి తిరిగింది. ముట్టుకోకుండా మీది నుంచి చెయ్యి తిప్పి చూశాను. పెనం మీద పెట్టినట్టు సెగ కొట్టింది. సందులో నుంచి సన్నగా పొగ దారంలా లేస్తోంది. ఉయ్యాల చీర ఆ బోర్డుకి మూరెడు దూరంలో ఉంది.

"అమ్మాయ్, లే. పాపని తీసుకుని వరండాలోకి పో."

"ఏంటమ్మా?"

"ముందు పో. తర్వాత చెప్తా."

పాపని తీసి ఆమె చేతికిచ్చి, ఇద్దర్నీ బయట కుర్చీలో కూర్చోబెట్టాను. ఉయ్యాల చీర ఊడదీసి మంచం మీద పడేశాను. చేతులు పొడిగా తుడుచుకుని అప్పడాల కర్రతో స్విచ్చి నొక్కి ఆపాను. వాసన తగ్గలేదు, పొగా ఆగలేదు. ప్లగ్గు పీకాలంటే చెయ్యి పెట్టేట్టు లేదు, కరిగి గోడకి అతుక్కుపోయినట్టుంది. బకెట్టు జోలికి పోలేదు. మెయిన్ ఆపాలి. మెయినేమో మెట్ల కింద గ్రిల్లులో ఉంది, తాళం టీచరు గారి దగ్గర ఉంది.

మెట్లెక్కి తలుపు కొట్టాను.

"టీచరు గారూ, మెట్ల కింద తాళం ఇయ్యండి. మెయిన్ ఆపాలి."

"ఏంటమ్మా పొద్దున్నే? మిక్సీలో పచ్చడి సగంలో ఉంది."

"చేపల వాసన ఎక్కడిదో దొరికిందండి. గోడలోంచి వస్తంది."

"గోడలో చేపలేంటి?"

"అందుకే రమ్మంటన్నానండి. తాళం కూడా తీసుకురండి."

వచ్చింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే వచ్చింది. గుమ్మంలో నిలబడి పొగ చూసి కొంగు వదిలేసింది. వెనక్కి తిరిగి గబగబా మెట్ల కిందికి వెళ్ళి మెయిన్ ఆపింది. పైనా కిందా అన్నీ ఆగిపోయాయి. పొగ కూడా నెమ్మదిగా ఆగింది.

ఆ వీధిలోనే కరెంటు పని చేసే సాయిబు గారు ఉన్నాడు, పెద్దాయన. టీచరు గారే ఫోన్ చేసి పిలిపించింది. ఈలోపు అల్లుడూ వచ్చాడు. సాయిబు గారు టెస్టరు పెట్టి చూసుకుని, బోర్డు మరలు విప్పి ముందుకి లాగాడు. లోపల తీగల మీది తొడుగు నల్లగా మాడి పెళుసుగా రాలింది. ఆయన సన్న కొక్కెంతో ప్లగ్గు సందులోంచి ఒక బొగ్గు ముక్క తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఈ పుల్ల ఎవరు పెట్టారు?"

టీచరు గారు అల్లుడి వైపు చూసింది. అల్లుడు నేల చూశాడు. అతనికి తెలుసు, అయినా నా పేరు చెప్పలేదు. ఆ పిల్లాడి మీద నాకు ఎప్పుడూ ఉన్న గౌరవం అప్పుడు ఇంకా పెరిగింది.

"నేనే సాయిబు గారూ" అన్నాను. "వదులుగా ఉందని పెట్టా."

"ప్లగ్గు వదులైతే మార్చాలక్కా. పుల్ల పెడితే పైకి బిగిసినట్టే ఉంటది, లోపల ఇత్తడికీ ఇత్తడికీ అతుకు కుదరదు. కరెంటు ఆ సందులో కొట్టుకుంటా పోద్ది, అక్కడే కాలుద్ది. మంట చేతికి నువ్వే పుల్ల కూడా అందించావు."

"బుద్ధి గడ్డి తిందయ్యా" అన్నాను.

"నీ ఒక్కదానిదే కాదులే. ఈ రాడ్డుకి ఈ చిన్న ప్లగ్గే చాలదు. దీనికి లావు తీగతో పవర్ ప్లగ్గు వెయ్యాలి. సన్నదాంట్లో లావుది దూర్చే ఈ మధ్య ప్లగ్గులు చూడు, నా పనంతా వీటితోనే. ఫోనుకైతే సరే. హీటరుకి, ఇస్త్రీ పెట్టెకి, గీజరుకి పెట్టకూడదు."

అప్పుడు టీచరు గారు అడిగింది, "మరి చేపల వాసనేంటండి?"

"ఈ కరెంటు సామాను కాలితే అట్టాగే వస్తది టీచర్‌గారూ. చాలామంది పిల్లి ఎక్కడో చేప దాచిందనుకుంటారు. మొన్న ఒకింట్లో బీరువా కింద, మంచం కింద మొత్తం కడుక్కున్నారు. ఇంతకీ ఎవరు కనిపెట్టారు?"

"మా అమ్మ" అంది అమ్మాయి వరండాలోంచి.

"నీకెట్టా తెలిసిందక్కా, చేప కాదని?"

"ఉప్పు లేదండి అందులో."

సాయిబు గారు టెస్టరు జేబులో పెట్టుకుని నా మొహం చూశాడు. "చిన్నప్పటి నుంచి ఈ పనిలో ఉన్నా, ఈ మాట ఎవరూ చెప్పలా" అన్నాడు. తర్వాత అల్లుడు జరిగిందంతా చెప్తే విని, "ఇన్ని రోజుల్నుంచి వాసనంటే, నీ అదృష్టం బాబూ. అత్తగారు పదింటి రైలెక్కి, రేపు నువ్వు ఈ రాడ్డేసి బయటికెళ్ళుంటే ఏమయ్యేదో" అన్నాడు.

రైలు టైము దాటిపోయింది. అమ్మాయి నా సంచి వైపు చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను పుల్ల పెట్టినందుకు నాకు చాలా సిగ్గేసింది. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. కానీ ఆ సిగ్గు పక్కనే ఇంకొకటి కూడా ఉంది. మార్కెట్లో కూర్చుని సంపాదించుకున్న ముక్కు నా మనవరాలికి అక్కరకొచ్చింది. ఆ రోజు ఎవరన్నా నా చేతులు చేపల కంపన్నా నేను నిమ్మకాయ కోసం వెతికేదాన్ని కాదు.

టీచరు గారు క్షమించమని అనలేదు. ఆమె తీరు అది కాదు. సాయిబు గారు కాలిన తీగలు విడదీసి మెయిన్ మళ్ళీ వేశాక, మిక్సీలో పచ్చడి పూర్తి చేసి దిగొచ్చి, "ఏమ్మా, ఒకసారి పైకి రా" అంది. వంటింట్లోకి తీసుకెళ్ళి, "ఫ్రిజ్జు వెనక నాకూ ఒక్కోసారి ఏదో వాసన అనిపిస్తుంది. మీ అమ్మాయి వాళ్ళ కిటికీలోంచి అనుకున్నాను. చూడు" అంది. నేను చూశాను. ఫ్రిజ్జు వెనక చేపా లేదు, కాలిన వాసనా లేదు. ఎప్పుడో దొర్లిపోయిన ఉల్లిపాయ ఒకటి కుళ్ళి ఉంది. కానీ మిక్సీ, గ్రైండరు, ఓవెను మూడూ ఒకే పొడుగు వైరు పెట్టెకి తగిలించి ఉన్నాయి. పెట్టె మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది.

"ఇది వాసన దాకా రాలేదండి, దారిలో ఉంది" అన్నాను. ఆమె కింద ఉన్న సాయిబు గారిని పైకి పిలిచింది.

మధ్యాహ్నం రేపల్లెకి మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఇంట్లో ప్లగ్గుల్లో పుల్లలన్నీ తీసెయ్. ముందు మెయిన్ ఆపి, అప్పుడు తియ్."

"తీస్తే టీవీ ప్లగ్గు ఊడిపోద్దిగా."

"ఊడిపోనీ. కొత్తది వేయించేదాకా టీవీ చూడమాక."

"వార్తలో?"

"నేను చెప్తాగా వార్తలు" అని జరిగిందంతా చెప్పాను. అంతా విని ఆయన, "మా అమ్మ ఉంటే బాగుండు" అన్నాడు. ఆయన తీసిన పుల్లలు ఆరు. మా వీధిలో తీయించినవి నేను తిరిగొచ్చాక లెక్కపెట్టడం మానేశాను.

సాయిబు గారికి కొత్త ప్లగ్గు వెయ్యడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మా బండ ఖర్చవకూడదని పాపకి నీళ్ళు టీచరు గారి గ్యాస్ మీదే కాగాయి. మెట్లు దిగేటప్పుడు వేడినీళ్ళు తొణుకుతాయని సగం బకెట్టు చొప్పున రెండుసార్లు ఆమే తెచ్చేది. నేను మొయ్యబోతే, "నువ్వు పాపని చూసుకో అమ్మా" అనేది.

మూడో రోజు పొద్దున కొత్త ప్లగ్గులో రాడ్డు పెట్టాం. సాయిబు గారు దాన్ని మంచానికీ ఉయ్యాలకీ దూరంగా, వంటగది గోడకి వేశాడు. రాడ్డు ఇత్తడి పుల్లలు మధ్యలో ఏమీ లేకుండా నేరుగా, గట్టిగా కూర్చున్నాయి. అల్లుడు షాపుకి వెళ్ళకుండా ఆగాడు. అమ్మాయి పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. టీచరు గారు స్టూలు తెప్పించుకుని కూర్చుంది. నీళ్ళు సెగలు కక్కేదాకా ఎవరూ కదల్లేదు. అల్లుడు ఫ్యాను కూడా ఆపేశాడు.

"ఏమ్మా, ఏమన్నా తగులుతోందా?" అంది టీచరు గారు.

నేను కళ్ళు మూసుకుని గోడ దగ్గర నిలబడ్డాను. ముగ్గురూ నా మొహమే చూస్తున్నారని కళ్ళు మూసుకున్నా తెలుస్తోంది. కొత్త సున్నం వాసన, వేడినీళ్ళ ఆవిరి, పాప ఒంటి నూనె. ఇంకేం లేదు. తర్వాత చేతి వెనక వైపు ప్లగ్గుకి ఆనించాను. చల్లగా ఉంది.

"ఏం లేదండి" అన్నాను.

టీచరు గారు లేచి స్టూలు పక్కకి జరిపింది. "సరే అయితే. ఇల్లు వెతకడం మానెయ్ బాబూ" అని అల్లుడితో చెప్పి, పాప బుగ్గ మీద వేలితో తట్టి మెట్లెక్కింది.

నేను స్విచ్చి ఆపి, రాడ్డు తీసి, నీళ్ళల్లో మోచెయ్యి ముంచి వేడి చూసుకున్నాను. అమ్మాయి పాపని నా కాళ్ళ మీద పడుకోబెట్టింది.